వేరుసెనగకాయలోని పచ్చబూజు

గడచిన కార్తికములో సంఘపు పనిమీద మేము కుప్పము చేరువనున్న యొక పల్లెకు పోయియుంటిమి. వేరుసెనగ పెరికి నాలుగైదు దినములైనది. కాయ కళ్లములో కుప్పగా పోసియున్నది. నడుమ రెండు రాత్రులు తుంపర పడినదట. ఒక ముసలియమ్మ చేట ముందుంచుకొని కాయలేరుచు, మంచివి ఒకవైపునకును, పచ్చగా బూజు పట్టినవి, పురుగు తొలిచినవి, పప్పు ముడుతలు పడినవి మరియొకవైపునకును త్రోయుచుండెను. ఆమె చేతివేగము చూచి మేము మెచ్చుకొని, "ఆ ఏరిన కాయలేమి చేయుదువమ్మా?" అని యడిగితిమి.

"ఏం జేసేది సామీ, నూనెకు ఆడించుకుంటాం. చెక్క ఆవుకేస్తాం. కొంచెం పిల్లోళ్లు ఏంచుకొని తింటారు. అంగడోడు కొనడు గదా, పారేస్తామా?" అని ఆమె నవ్వినది.

ఆ మాటలో తప్పు పట్టుటకేమియు లేదు. కష్టపడి పండించిన గింజను పారవేయుట మన యిండ్లలో వాడుక కాదు. కాని మంచి గింజ పట్టణమునకు పోయి, చెడ్డ గింజ పండించినవాని ఇంటనే నిలిచిపోవు ఈ యేర్పాటులో పెద్ద యపాయమొకటి దాగియున్నది. సభ్యులందరును దానిని తెలిసికొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కాయపై కనబడు ఆ పసుపుపచ్చని బూజునకు శాస్త్రజ్ఞులు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అని పేరిడిరి. ఇది పరదేశమునుండి వచ్చిన తెగులు కాదు. మన నేలలో, పేడకుప్పలో, ఎండుటాకులలో ఎల్లకాలమును ఉండునదే. చచ్చిన వేరును, ఆకును కుళ్లబెట్టి మట్టిలో కలుపుట దాని సహజమైన పని. మొక్కజొన్న, మిరప, పత్తిగింజ, కొబ్బరి వీనిని గూడ ఇది పట్టును గాని, వేరుసెనగకాయ నేలలోనే ఊరునది గనుక దానికి ఈ బూజుతో పొత్తు హెచ్చు. గింజలో చొచ్చిన పిమ్మట బూజు ఒక విషమును పుట్టించును. బూజు పేరులోని అక్షరములనే కూర్చి ఆ విషమునకు అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టిరి. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. బూజుగింజ చేదుగా నుండునని మనము ఉమిసివేయుదుము. ఆ చేదు చెడిన పప్పుది గాని విషముది కాదు. చేదు తగులని గింజలోను విషముండవచ్చును. ఉడికించినను, వేయించినను కొంత తగ్గునే గాని పూర్తిగా నశింపదు. కిలోగ్రాము గింజలో ఇట్టి విషము 15 మైక్రోగ్రాములకు మించరాదని మన దేశపు చట్టము. మైక్రోగ్రామన గ్రాములో పదిలక్షలవ పాలు. ఐరోపావారు నేరుగా తినెడి వేరుసెనగలో 4 మైక్రోగ్రాములు దాటినచో సరకును త్రిప్పి పంపుదురు.

ఈ విషము లోకమునకు తెలిసిన విధము వినదగినది. 1960వ సంవత్సరమున ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు కారణము తెలియకుండ చచ్చెను. ఏ సూక్ష్మజీవియు దొరకకపోవుటచే వైద్యులు దానికి ఎక్స్ రోగమని పేరు పెట్టిరి. తుదకు మేతలో కలిపిన బ్రెజిలు దేశపు వేరుసెనగ పిండిలో ఈ విషము పట్టుబడినది. మన చిత్తూరు జిల్లాకు గూడ ఆ పాఠము తప్పలేదు. 1982లో ఇచ్చటి కోళ్ల ఫారములలో కోళ్లు గుంపులు గుంపులుగా కూలిపోయినవి. మేతలోని వేరుసెనగ చెక్కను పరీక్షింపగా కిలోకు మూడువేల అయిదువందల మైక్రోగ్రాములకు పైబడి విషము కనబడెను. పైని చెప్పిన హద్దుతో పోల్చి చూచుకొనుడు.

కోళ్ల మాట అటుండనిండు. 1974వ సంవత్సరాంతమున రాజస్థానము, గుజరాతు సరిహద్దులలోని బాన్స్‌వాడా, పంచమహల్ జిల్లాలలో అకాలవర్షమునకు తడిసిన మొక్కజొన్నను గిరిజనులు తినిరి. రెండువందలకు పైగా గ్రామములలో కామెర్లు పుట్టినవి, కడుపులో నీరు చేరినది. 397 మంది జబ్బుపడగా 106 మంది మరణించిరి. ఆ యిండ్లలో అదే తిండి తిన్న కుక్కలును అదే రోగముతో చచ్చెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు పోయి పరిశోధించి, కారణము ఈ బూజువిషమేయని తేల్చిరి. ముప్పదియేండ్ల తరువాత, 2004లో, ఆఫ్రికాలోని కెన్యా దేశమున మకువేని, కిటుయి ప్రాంతములలో సరిగా ఇట్లే జరిగినది. అచ్చటను మొక్కజొన్నయే. పంట కొద్ది, దొంగల భయము హెచ్చు; రైతులు చెమ్మ ఆరని గింజను ఇండ్లలోనికి చేర్చుకొనిరి. 317 మందికి జబ్బు చేసి 125 మంది చనిపోయిరి. చెమ్మ గింజను ఇంటిలో పోసికొనుట మనకును కొత్త సంగతి కాదు.

ఇట్లు ఒక్కసారిగా చంపుట అరుదు. కొద్దికొద్దిగా ఏండ్లతరబడి లోనికి పోవుటయే సాధారణము. ఈ విషము కారిజమును పట్టి పీడించును. కాలక్రమమున కారిజపు పుట్టకురుపునకు హేతువగును. ఇచ్చట ఒక విచిత్రమైన పొత్తు కలదు. కామెర్లు కలిగించు హెపటైటిస్ బి అను వైరస్ రక్తములో నిలిచియున్నవానికి ఈ బూజువిషము కూడ తోడైనచో, పుట్టకురుపు వచ్చు అవకాశము విషము మాత్రమే తిన్నవానికంటె సుమారు ముప్పది రెట్లు హెచ్చునని లెక్కకట్టిరి. పశ్చిమాఫ్రికాలోని గాంబియా, తూర్పున మొజాంబిక్ దేశములలో పడుచు వయసు మగవారు ఈ రోగముతో విశేషముగా చనిపోవుటకు ఈ రెండును ఒక్క ఒడలిలో కలిసికొనుటయే కారణము. గాంబియాలో 1986లోనే పసిబిడ్డలకు ఈ వైరస్ టీకా వేయ నారంభించిరి. మన దేశములోను ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు ఇరువదినాలుగు గంటలలోపల ఈ టీకా వేయుదురు. దానిని తప్పించుకొనరాదు. టీకా వైరస్‌ను ఆపును. బూజును ఆపవలసినవారము మనమే.

బెనిన్, టోగో దేశములలో పసిబిడ్డల రక్తమును పరీక్షించినవారు, విషము హెచ్చుగా నున్న బిడ్డలు ఎత్తులోను బరువులోను వెనుకబడియున్నారని 2002లో ప్రకటించిరి. పేదయింటి బిడ్డ ఎదుగకపోవుటకు వేయి కారణములుండును గాన దీనినొక్కదానినే నిందింపలేము. అయినను కొసరు కాయలు పిల్లలకు వేయించి పెట్టు తల్లులు దీనిని తెలిసికొనుట మేలు.

ఇక ఆవు సంగతి. పుంగనూరు పొట్టియావునకు లోకమంతట పేరున్నది. ఈ ప్రాంతమంతట పాడియే చేతి ఖర్చునకు ఆధారము. బూజు చెక్క తిన్న ఆవు పైకి బాగుగానే యుండవచ్చును. కాని తిన్న విషములో నూటికి ఒకటి మొదలు మూడు పాళ్లవరకు రూపుమారి పాలలోనికి దిగును. పాలు కాచినను అది పోదు. ఆ పాలు మొదట త్రాగువారు ఇంటి బిడ్డలే. మేలైన సంగతి యొకటి కలదు: అట్టి చెక్కను మానినచో నాలుగైదు దినములలోనే పాలు చాలవరకు శుభ్రపడును. నూనె విషయమును చెప్పవలెను. గానుగలో ఆడినపుడు విషములో హెచ్చుభాగము చెక్కలో నిలిచిపోవును. కొంత మాత్రము మడ్డితోకూడ నూనెలోనికి వచ్చును. పెద్ద మిల్లులలో శుద్ధిచేసిన నూనెలో అది ఉండదనవచ్చును. ఇంటి గానుగ నూనె శ్రేష్ఠమని మనము చెప్పుకొనుట సరియే, అందులో వేసిన కాయ మంచిదైనపుడు.

మదనపల్లె ఆరోగ్యవరములో క్షయరోగులకు శుశ్రూష జరిగిన చరిత్ర వందయేండ్లకు పైబడినది గాన ఇంకొక మాట. క్షయ నయమైన పిదప ఊపిరితిత్తులలో మిగిలిన గుంటలలో ఈ ఆస్పర్జిల్లస్ జాతి బూజులు ఉండకట్టి పెరుగుట వైద్యులెరిగినదే. అట్టివారు మళ్లీ రక్తము కక్కినపుడు, తిరుగబెట్టినది క్షయయే యని అందరును భ్రమపడుదురు. క్షయ పడి లేచినవారును, ఉబ్బసమున్నవారును బూజు పట్టిన కాయ తూర్పారబట్టుట, కుళ్లిన కట్టె కదల్చుట మానవలెను. తప్పనిసరియైనచో ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను.

బూజు కాయలోనికెట్లు వచ్చును? మనలో చాలమంది నిలువలో వచ్చుననుకొందురు. అది సగము మాత్రమే నిజము. మన మెట్టభూములలో దాని ప్రవేశము పొలములోనే జరుగును. కోతకు ముందటి నాలుగైదు వారములు వాన మొగము చాటుచేసినచో నేల కాగును, కాయ వాడును. పచ్చిగానున్న గింజ తన్ను తాను కాపాడుకొను రసములను పుట్టించుకొనును. చెమ్మ లేనిచో ఆ శక్తి ఉడుగును. చెదలు కొరికిన కాయకు, పగిలిన కాయకు తలుపు తీసియున్నట్లే. కాబట్టి కడపటి బెట్టయే మనకు మొదటి శత్రువు. బావియో బోరో ఉన్నవారు ఊడలు దిగునపుడును, కాయ ఊరునపుడును ఒక తడి యీయగలిగినచో దానిని తక్కిన ఏ పైరునకును ఇయ్యక దీనికే యిచ్చుట లాభము. మొదటి పూతలో, ఊడలు దిగు వేళకు, ఎకరమునకు 200 కిలోల జిప్సము వేసి మట్టి ఎగదోసినచో కాయ డొల్ల గట్టిపడును. పశువుల యెరువు దండిగా పడిన నేల చెమ్మను పట్టియుంచును. 1940లో వచ్చిన టి.యం.వి. 2 రకమును మన పెద్దలు ఏండ్లతరబడి వేసిరి. 2002లో కదిరి పరిశోధనా స్థానమువారు విడుదల చేసిన కదిరి 6 రకము పిమ్మట వ్యాపించినది. రకము మార్చుటవలన దిగుబడి మారును గాని బూజు పూర్తిగా పట్టని రకము రైతు చేతికి ఇంకను రాలేదు.

కాయ పెరుకు వేళను గురించి కొంత విస్తరించి చెప్పవలెను, ఏలయన పొరబాటు ఇచ్చటనే హెచ్చు. నాలుగు మొక్కలు పెరికి కాయ వలిచి చూడవలెను. డొల్ల లోపలివైపు నల్లబడిన కాయలు నూటికి డెబ్బదియైదు ఉన్నచో పెరుకవలెను. వానకై ఎదురుచూచి పదిదినములు జాగుచేసినవాని కాయలో బూజు హెచ్చును. ధర వచ్చునని తొందరపడి పచ్చికాయ పెరికినవాని పప్పు ముడుతలు పడును. పెరికిన మొక్కలను కుప్పవేయక, కాయలు పైకి, ఆకు క్రిందికి వచ్చునట్లు బోర్లించి వరుసలుగా పరచినచో గాలి తగిలి త్వరగా ఆరును. ఆకు క్రింద, మట్టిమీద కాయ పడియున్నచో ఒక్క తుంపరతో పని చెడును. కోసిన కాయను కళ్లములో పలుచగా పోసి, రోజు రెండు మూడుసార్లు తిరుగవేసి, సాయంకాలమునకు పట్ట కప్పవలెను. గింజలో చెమ్మ నూటికి ఎనిమిది పాళ్లకు దిగువకు రావలెను. కొలుచు యంత్రము లేనివాడు చెవియొద్ద కాయ ఆడించిన గలగలమనవలెను; పప్పును వ్రేళ్ల నడుమ నలిపిన పైపొర ఊడవలెను. గోనెలను కటిక నేలపై గాక చెక్క బల్లలపై, గోడకు మూరెడు దూరముగా పేర్చవలెను.

పెరికిన పిదప నేలలో తెగిపడిన కాయలను తరువాత త్రవ్వి ఏరుకొను పేదవారు ప్రతి పల్లెలోను కలరు. ఈ కాయలే అన్నిటికంటె చెడ్డవి. ఎక్కువకాలము నేలలో నుండి దెబ్బతినినవి. వానిని మంచికాయలో కలుపరాదు. ఏరుకొన్నవారు తినరాదనుట సులభము. కూలి లేని దినమున ఆ కాయయే కొందరికి తిండి. కనీసము ఒక్కొక్క పప్పును విప్పి చూచి, రంగు మారినది, ముడుత పడినది తీసివేసి తినవలెనని వారికి చెప్పుడు.

చెప్పుకొనుటకు సిగ్గుపడవలసిన సంగతి యొకటి. వలుచునపుడు పప్పు విరుగకుండుటకు కాయపై నీళ్లు చల్లుట అంతటను ఉన్న అలవాటు. తూకము పెరుగునని చల్లువారును కలరు. మేమును ఒక యేడు విత్తనపు కాయకు ఇట్లే నీళ్లు చల్లి, వలిచిన పప్పును అదే దినము ఆరబెట్టక గోనెలో కట్టి పెట్టితిమి. పదునైదు దినములకు విప్పగా మూటలో పచ్చని పొడి లేచినది. ఆ విత్తనము మొలకకును పనికిరాలేదు. ఎనిమిది పాళ్లకు ఆర్చిన శ్రమయంతయు ఒక్క కడవ నీటితో పోవును.

బూజునకు తోడు వైరస్ తెగుళ్లను గూడ కొంచెము ముచ్చటింతము. మదనపల్లె టమాటా రైతునకు ఆకుముడుత తెగులు తెల్లదోమ వలనను, మొవ్వకుళ్లు తామరపురుగు వలనను వచ్చునని తెలియును. వేరుసెనగకు మొవ్వకుళ్లు తెచ్చు వైరస్సును అదియే. ఈ మొక్కల వైరస్‌లు మనుష్యులకు సోకవు. వానికై కొట్టు మందులు మాత్రము సోకును. 2000వ సంవత్సరపు ఖరీఫులో మన ప్రక్కనున్న అనంతపురము జిల్లాలో కాండముకుళ్లు తెగులు పుట్టి సుమారు 2,25,000 హెక్టారుల వేరుసెనగను పాడుచేసినది. నష్టము మూడువందల కోట్ల రూపాయలకు మించినదని అంచనా. ఆ వైరస్ కాపురముండునది వయ్యారిభామ కలుపుమొక్కలో. ఆ మొక్కకు ఏ జబ్బును కనబడదు. దాని పుప్పొడిని తామరపురుగు మోసికొని వచ్చి లేత వేరుసెనగపై రాల్చి, ఆకును గీకునపుడు వైరస్ లోనికి పోవును. అదే పుప్పొడి మనుష్యులకు దురదను, తుమ్ములను, ఆయాసమును తెచ్చును. ఒక్క కలుపును పూతకు ముందే పెరికినచో పైరునకును ఒంటికిని మేలు కలుగును. గట్లమీది మొక్కను ఎవరి పొలమువారు వారు పెరుకుదురు. దారిప్రక్క, బంజరులో నున్నదానిని ఎవరు పెరుకవలెనన్నదే చిక్కు. పొలము చుట్టు నాలుగు సాళ్లు జొన్నగాని సజ్జగాని ఒత్తుగా వేసినచో గాలితో వచ్చు పురుగును కొంత అడ్డగించును.

ఆఫ్రికా రైతునకు ఇంతకంటె పెద్ద వైరస్ శత్రువు కలదు. పేనుబంక మోయు రోజెట్ తెగులు 1975లో ఉత్తర నైజీరియాలో సుమారు ఏడు లక్షల హెక్టారుల వేరుసెనగను తుడిచిపెట్టినది. కానో నగరములో కొండలవలె గోనెలు పేర్చి చూపిన ఆ దేశపు వేరుసెనగ వైభవము అంతటితో క్షీణించెను. ఆ తెగులు ఆఫ్రికాకే పరిమితమై మన దేశమునకు రాకపోవుట మన యదృష్టము. అయితే బూజు విషయములో వారు మనకంటె ఒక అడుగు ముందున్నారు. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్‌లోనే విషము పుట్టింపని తెగలు కొన్ని కలవు. నైజీరియాలోని ఇబాదాన్ పరిశోధనా సంస్థవారు అట్టి తెగలను ఏరి, జొన్నగింజలకు పట్టించి, పైరు పూతకు రెండు మూడు వారముల ముందు పొలములో చల్లించిరి. విషము లేని బూజు విషపు బూజు చోటును ఆక్రమించును. ముల్లును ముల్లుతో తీయుటయన్నమాట. ఆఫ్లాసేఫ్ అను పేర ఈ సరకు 2014లో అచ్చట రిజిస్టరు కాబడి, విషమును నూటికి ఎనుబది పాళ్లకు పైగా తగ్గించుచున్నదని చెప్పుచున్నారు.

మన సంఘమునకు చేతనైన పనులు కొన్ని కలవు. చెమ్మ కొలుచు యంత్రమొకటి, పట్టలు ఇరువదియో ముప్పదియో కొని వంతుగా సభ్యులకీయవచ్చును. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థవారు తక్కువ ఖర్చుతో విషమును కనుగొను పరీక్షను సిద్ధపరచియున్నారు. అమ్మకమునకు ముందు కుప్ప కుప్పకు నమూనా తీసి పంపవచ్చును. నమూనా తీయుటలో జాగ్రత్త వలయును. విషము గోనెయంతట సమముగా నుండదు. వేయి గింజలలో ఒకటి రెంటిలోనే కూడియుండును. గుప్పెడు గింజలు పంపి మంచిదని మురియరాదు. ఈ కారణము చేతనే చేటతో ఏరుట అన్ని యంత్రములకంటె మేలైన పని. ఆ కొద్ది గింజలు పోయినచో విషములో హెచ్చుభాగము పోవును.

ఏరిన ఆ కొద్ది గింజలు ఎక్కడికి పోవలెనన్నదే మిగిలిన ప్రశ్న. సంఘమే వానిని తక్కువ ధరకు కొని, నూనెను సబ్బులకు పంపి, చెక్కను పొలమునకు ఎరువుగా వేయవలెనని మేము కార్యవర్గము ముందు పెట్టితిమి. బూజు మరల నేలకే పోవునుగదాయని ఒకరడిగిరి. నేలలో అది ఎటులను ఉన్నదే. ధరలోని నష్టమును ఎవరు భరింపవలెనన్నచోట చర్చ ఆగినది. వచ్చు సర్వసభ్య సమావేశమున దీనిని తేల్చవలసియున్నది.

ఆ ముసలియమ్మకు ఇదంతయు విప్పి చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, ఏరిన కాయను కాలితో ప్రక్కకు త్రోసి, "సరే సామీ, పిల్లోళ్లకు పెట్టను. ఆవుకు మరేం పెట్టేది?" అని యడిగెను. అవిసె ఆకు, కంది పొట్టు, ప్రొద్దుతిరుగుడు చెక్క అని మేము చెప్పితిమి. ప్రొద్దుతిరుగుడు చెక్క ధర ఎంతయని ఆమె వెంటనే అడిగెను. కుప్పము అంగడిలో విచారించి మరుసటి వారము చెప్పి పంపితిమి.